ఎనిమిది గురువారాల ఉప్పు

గిన్నె చేతిలోంచి జారి, పై మెట్టు అంచుకు తగిలి మూడు ముక్కలైంది.

తిరుపతమ్మ చేతులు మాత్రం ఇంకా గిన్నెను పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయాయి. కింద హాల్లో బురదనీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. సోఫా ఒకటి తేలుతూ వెళ్లి తలుపుకు కొట్టుకుంటోంది. రెండువేల ఏడు జూన్ ఆరో తేదీ, మధ్యాహ్నం. గోను తుఫాను మస్కట్‌ను పట్టి ఊపేస్తోంది. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. అల్ ఖువైర్‌లో ఆమె పనిచేసే అర్బాబ్, అంటే యజమాని, సాలిం విల్లా ముందు నిన్నటిదాకా కార్లు పోయిన రోడ్డు ఇప్పుడు వాగు.

కింది గదిలోని పాతకాలపు చైనా పింగాణీ సామానంతా మేడ మీదికి చేర్చమని అర్బాబ్ హుకుం. గంట నుంచి ముగ్గురూ అదే పని. డ్రైవర్ ఫయాజ్ పెద్ద జాడీలు మోస్తున్నాడు. సామాను బాగోగులు చూసే ఖమరుద్దీన్ సాబ్ ఒక్కొక్కటీ దుప్పట్లలో చుట్టి అందిస్తున్నాడు. తిరుపతమ్మ చిన్నవి తెస్తోంది. ఇది ఆఖరి విడత, చుట్టడానికి దుప్పట్లు కూడా అయిపోయాయి. ఆఖరి మెట్టు.

"సచ్చినాం పో," అన్నాడు వెనకనుంచి ఫయాజ్. కడప మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. "ఏం జేసినావక్కా! అది పెద్దాయన పానం గదా!"

ఆమెకు తెలియదా! నాలుగేళ్లుగా ఆ సామానుకు దుమ్ము దులిపేది ఆమే. అక్షరం రాకపోయినా అల్మారాల పేర్లన్నీ కంఠతా వచ్చు. ఖమరుద్దీన్ సాబే నేర్పాడు. శనివారం ఛాంగాన్ అల్మారా, అంటే తాంగ్ రాజుల రాజధాని. ఆదివారం కైఫెంగ్, సోంగ్ రాజులది. సోమవారం నాన్‌జింగ్, మింగ్ రాజులది. ఒక్కో నగరానికి ఒక్కో రోజు. ఛాంగాన్ అల్మారా నడిమి అరలో పసుపుపచ్చ మెరుపు మీద గోధుమరంగు చేప గీసిన గిన్నె ఒకటుంది. వెయ్యేళ్లకు పైబడి సముద్రం అడుగున ఉండి వచ్చిందది. అర్బాబ్ వాళ్ల నాన్న సొహార్‌లో పడవవాళ్ల దగ్గర కొన్నాడు. దాన్ని మాత్రం ప్రతి గురువారం కూడా తుడవాలి, అది సాబ్ కళ్లముందే జరగాలి. ఇంట్లో ఏది పగిలినా సరే, అది పగలకూడదు.

అదే పగిలింది.

ఇంకో ఎనిమిది రోజుల్లో, పద్నాలుగో తారీకున ఆమెకు విమానం టికెట్టుంది. మూడేళ్ల పిల్లను వదిలి వచ్చింది. ఆ పిల్లకిప్పుడు ఏడేళ్లు. ఫోన్లో "ఎవరండీ?" అని అడుగుతుంది. పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉంది.

అర్బాబ్ వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లటి దిష్‌దాషా పొడుగు అంగీ అంచు తడిసి బురదైంది. వంగి ఒక పెంకు తీసుకున్నాడు. తిరుపతమ్మ చెంపదెబ్బకు సిద్ధపడి కళ్లు మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన కిటికీ దగ్గర నిలబడి, పెంకు విరిగిన అంచును వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. గోటితో గీశాడు. తెల్లటి పొడి రాలింది.

"ఇది నా గిన్నె కాదు," అన్నాడు. ఆయన బొంబాయిలో వ్యాపారం చేసిన మనిషి, హిందీ బాగా వచ్చు. "నా గిన్నె మట్టి బిస్కెట్ రంగు. ఇది సుద్దముక్కలా ఉంది. ఎవరో నకలు తెచ్చి పెట్టారు. అసలుది ఎక్కడ?"

 పగలగొట్టిన పాపం ఒక్క క్షణంలో కరిగిపోయింది. దాని చోటికి అంతకన్నా పెద్దది వచ్చి కూర్చుంది.

* * *

మేడ మీది గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ, దానికి ఇనప ఊచలు. నేలంతా దుప్పటి మూటలు. ఒక మూలన తాంగ్, ఒక మూలన సోంగ్, మంచం కింద మింగ్. వాటి మధ్య నిలబడటానికే చోటు లేదు. ఏసీ ఆగిపోయి గది ఆవిరి పట్టిన ఇడ్లీపాత్రలా ఉంది.

అర్బాబ్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో నల్ల అట్ట రిజిస్టరు. ఖమరుద్దీన్ సాబ్ ఇంగ్లీషులో రాసే పుస్తకం అది. ప్రతి గురువారం భూతద్దంతో ఒక్కో వస్తువునూ చూసి, దాని పరిస్థితి ఏమిటో అందులో రాస్తాడు.

"అల్మారాకు రెండు తాళంచెవులు. ఒకటి నా మెడలో ఉంటుంది, తియ్యను. రెండోది ఖమరుద్దీన్ దగ్గర. ఎప్పుడు మారిందో ఇదే చెబుతుంది." అర్బాబ్ కళ్లజోడు సవరించుకుని చదివాడు. "మే ముప్పై ఒకటి, గురువారం. చేప గిన్నె. అడుగు అంచున ఉప్పు తేలింది. పొడిగుడ్డతో తుడిపించాను." తలెత్తాడు. "సముద్రంలో నానిన గిన్నె కాబట్టి ఉప్పు కక్కుతూనే ఉంటుంది. నకలు కక్కదు. అంటే పోయిన గురువారం దాకా అసలు గిన్నె ఇక్కడే ఉంది."

"అవును అర్బాబ్," అన్నాడు ఖమరుద్దీన్. యాభై దాటిన హైదరాబాదీ, నెరిసిన గడ్డం, ఎప్పుడూ మెత్తగా మాట్లాడతాడు. ఇప్పుడాయన మొహం నిజంగా బాధతో నలిగిపోయింది. "శనివారం పొద్దున నేను సొహార్ వెళ్లాను, మంగళవారం రాత్రి తుఫానని తిరిగొచ్చాను. ఆ నాలుగు రోజులూ నా తాళంచెవి..." ఆగాడు. "చెప్పాలంటే నోరు రావడం లేదు."

"చెప్పు."

"దుమ్ము దులపాలి కదా అని తిరుపతమ్మకిచ్చి వెళ్లాను."

గదిలో గాలి ఇంకాస్త తగ్గినట్టయింది. ఫయాజ్ ఆమె పక్కనుంచి అర అడుగు జరిగాడు. ఆ అర అడుగు ఆమెకు కనిపించింది.

"నాకేటీ తెలీదండి! తాళమిచ్చేరు గానీ నాను తీసుకోలేదండి!" అంది తిరుపతమ్మ. భయంతో హిందీ రాలేదు, తెలుగే వచ్చింది. ఫయాజ్ దాన్ని హిందీలోకి మార్చి చెప్పాడు.

"పై అంతస్తులో మా అమ్మ ఒక్కతే ఉంది. చూసి వస్తాను," అన్నాడు అర్బాబ్. "నేను తిరిగొచ్చేలోపు తేల్చుకోండి. నీళ్లు తగ్గగానే పోలీసులొస్తారు. వాళ్లు నాలా నిలబడి మాట్లాడరు."

తలుపు మూసుకుంది. బయటనుంచి తాళం తిరిగిన చప్పుడు.

తిరుపతమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తి ఊచలు పట్టుకుంది. కింద అర్బాబ్ కారు పైకప్పు మాత్రమే కనిపిస్తోంది. ఎదురింటి గోడ కూలి నీళ్లలో పడింది. అరిచినా వినేవాడు లేడు. విన్నా వచ్చేవాడు లేడు. వచ్చేవాడెవడైనా ఉంటే పోలీసే.

"కైఫెంగ్ ఇట్లనే మునిగింది," అన్నాడు ఖమరుద్దీన్ ఆమె వెనక నిలబడి, ఎప్పటిలా కథ చెబుతున్నట్టు. "పసుపునది కట్టలు తెగి ఊరికూరే బురద కింద కూరుకుపోయింది. దాని మీద మళ్లీ ఊరు కట్టుకున్నరు. మునిగినా బతకొచ్చమ్మా. నువ్ పరేషాన్ కాకు, నా మాటిను."

"సెప్పండి సాబ్." ఆమె ఊచలు వదిలి ఆయన వైపు తిరిగింది.

"దొంగతనం అంటే జైలు. పగిలిందంటే కాదు. ముసలాయన దిల్ మంచిది. నువ్ ఇట్ల చెప్పు: శనివారం తుడుస్తుంటే అసల్ గిన్నె జారి పగిలింది, భయమై ముక్కలు చెత్తలో వేసిన, మత్రా బజార్‌లో అట్లాంటిదే చూసి కొనుక్కొచ్చి పెట్టిన. అంతే. తిడతడు, రెండు నెలల జీతం కోస్తడు. పద్నాలుగో తారీకు నిన్ను విమానం ఎక్కించే పూచీ నాది."

"అసలుదాన్ని నాను పగలగొట్టలేదు కదండీ!"

"నాకు తెల్వదా? కానీ తాళంచెవి నీ దగ్గరున్నది. ఇంకేం చెప్తవ్? పోలీస్ ఠాణాలో నీ తెలుగు ఎవడు వింటడు?"

ఫయాజ్ గోడకు తల ఆనించి కూర్చున్నాడు. "సాబ్ జెప్పేది నిజమేలే అక్కా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఒప్పుకుంటే పోతాది. మల్లా మమ్మల్నందర్నీ స్టేషన్ల సుట్టూ తిప్పకుండా."

"నీకేటి నాయనా, నీ పేరు కాదుగా!"

"నా పేరు రాకూడదనే జెప్తాండా!" కసిరాడు ఫయాజ్. కసిరిన గొంతులో భయముంది. ఖమరుద్దీన్ వైపు ఒకసారి చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

తిరుపతమ్మ మంచంకోడు పక్కన చతికిలబడింది. సాబ్ చెప్పింది మనసులో అప్పజెప్పుకోవడం మొదలుపెట్టింది. శనివారం. జారింది. చెత్తలో వేశాను. మత్రా బజారు. అబద్ధమే, కానీ అబద్ధానికి అవతల పిల్ల ఉంది. ఒప్పుకుంటే ఏమవుతుంది? నాలుగు తిట్లు, కొంత జీతం.

ఒప్పుకోవడానికి దాదాపు సిద్ధపడిపోయింది కూడా.

కానీ ఒకటి గొంతులో ముల్లులా అడ్డం పడుతోంది. అర్బాబ్ చదివిన ఆ మాట. పోయిన గురువారం ఉప్పు తేలిందని.

తేలలేదే!

ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాకినాడ అవతల ఉప్పు మడుల్లో పుట్టిన మనిషి. నడక రాకముందే కాళ్లకు ఉప్పు కోత తెలుసు. ఈ ఇంటికొచ్చిన కొత్తలో గిన్నె అడుగున తెల్లటి చార చూసి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. నిఖార్సయిన సముద్రపుప్పు. ఇన్ని వేల మైళ్ల అవతల, ఎవరో చైనా రాజు నాటి గిన్నెలో తన ఊరి రుచి. ఆ రోజు బాత్రూములో కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా.

వారంవారం తుడిచినా ఉప్పు మళ్లీ వచ్చేది. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పురాయి గీతలు పెడుతుందని మడుల్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. నీళ్లు తగలనివ్వొద్దని సాబ్ నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అయినా ఈ సంవత్సరం సంక్రాంతి వెళ్లాక ఆమె ఉండబట్టలేకపోయింది. శనివారం అల్మారా తెరిచి ఉన్నప్పుడు, సాబ్ టీకి వెళ్లగానే, గిన్నెను కొంగులో దాచి తీసుకెళ్లి మంచినీళ్ల మగ్గులో ముంచి తీసింది. అలా చాలా శనివారాలు. ఏప్రిల్లో ఉప్పు రావడం ఆగిపోయింది. తన వైద్యం పనిచేసిందనుకుని ఎవరికీ చెప్పకుండా మురిసిపోయింది.

ఏప్రిల్లో.

గిన్నెకు బొమ్మలు, అంటే ఫొటోలు, తీయించాలని సాబ్ పెట్టెలో పెట్టుకుని, ఫయాజ్ కారులో తీసుకెళ్లిన వారం తరవాత.

గిన్నె మారింది అప్పుడేనా? 

ఇప్పుడు నోరు తెరిస్తే నీళ్లతో కడిగిన సంగతి బయటపడుతుంది. వెయ్యేళ్ల గిన్నెను మగ్గులో ముంచిన పనిమనిషి. అది నిజం నేరం, దానికి సాక్ష్యం తన నోరే. తెరవకపోతే చెయ్యని నేరం. రెండింటి మధ్య అంగుళం ఖాళీ లేదు.

తాళం తిరిగింది.

* * *

అర్బాబ్ లోపలికొచ్చి నిలబడ్డాడు. దిష్‌దాషా మార్చుకున్నాడు. "ఊఁ. ఎవరు మాట్లాడతారు?"

ఖమరుద్దీన్ ఆమె వైపు ప్రేమగా చూసి తల ఊపాడు. చెప్పమ్మా, అన్నట్టు.

తిరుపతమ్మ లేచింది. "ఫయాజు, నానన్నదన్నట్టు సెప్పు. ఒక్క మాట తప్పినా నీకు పాపం." ఊపిరి పీల్చుకుంది. "ఆ గిన్నెను నాను నీళ్లతో కడిగేనండి. సానాసార్లు. సాబు వద్దన్నా కడిగేను."

ఫయాజ్ నోరు వెళ్లబెట్టాడు. తరవాత హిందీలో చెప్పాడు. అర్బాబ్ మొహం ఎర్రబడింది.

"ఉప్పు రుసి నాకు తెలుసండి. మా ఊరే ఉప్పు. ఆ గిన్నెకి ఉప్పు రావడం ఏప్రిల్ నెల్లోనే ఆగిపోయింది. బొమ్మలు తీయించడానికి పట్టుకెళ్లి తెచ్చేరు సూడండి, ఆ పైన ఒక్క గురువారం కూడా ఉప్పు లేదు. నాను రోజులు లెక్కెట్టుకున్నాను, నా టికెట్టు కోసం. ఎనిమిది గురువారాలండి. తుడిసింది నా సెయ్యే. గుడ్డకేటీ అంటలేదు."

ఫయాజ్ చెప్పడం పూర్తికాకముందే ఖమరుద్దీన్ అడ్డం వచ్చాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"విన్నారా అర్బాబ్! తన నోటితోనే ఒప్పుకుంది! నీళ్లలో ముంచితే ఉప్పు కరిగి బయటికి పోదా? మా పనిలో పెద్దవాళ్లు చేసేదే అది, నెలల తరబడి నీళ్లలో ఉంచి ఉప్పు లాగేస్తారు. ఈమె కడిగింది కాబట్టే ఏప్రిల్ నుంచి ఉప్పు లేదు! దానికీ దొంగతనానికీ సంబంధమే లేదు!"

అర్బాబ్ అవునన్నట్టు తలాడించబోయాడు. ఫయాజ్ ఆ మాటలను తెలుగులో గబగబా ఆమెకు చెప్పాడు.

 నిజమే. తనూ అదే అనుకుంది ఇన్నాళ్లూ. సాబ్ చదువుకున్నవాడు, తనకన్నా బాగా చెప్పాడు. గది మళ్లీ నాలుగువైపులా దగ్గరికి జరిగింది. మంచం, మూటలు, ఊచలు, తలుపు.

అప్పుడామె చెవికి ఆ మాటలో ఒక ముక్క తగిలింది.

"సాబ్," అంది నెమ్మదిగా. "ఏప్రిల్ నించీ ఉప్పు లేదని మీరూ అంటన్నారు కదా?"

"అవును! నీవల్లే!"

"మరి పోయిన గురువారం ఉప్పుందని ఆ పుస్తకంలో ఎలా రాసేరండీ?"

ఫయాజ్ దాన్ని హిందీలో చెప్పలేదు. చెప్పడం మరిచిపోయి ఖమరుద్దీన్‌నే చూస్తున్నాడు. "ఏమంది?" అని అర్బాబ్ గద్దించాక చెప్పాడు.

కింద ఏదో పెద్ద గాజు పగిలిన చప్పుడైంది. ఎవరూ అటు తిరగలేదు.

"అలవాటండీ," అన్నాడు ఖమరుద్దీన్. నవ్వబోయాడు. "వారంవారం అదే మాట కదా. చూడకుండా పాతది చూసి రాసేసి ఉంటాను. తప్పే. బద్ధకం."

అర్బాబ్ రిజిస్టరు తెరిచాడు. వేలు పెట్టి, ఒక్కో పేజీ వెనక్కి తిప్పుతూ చదివాడు.

"మే ఇరవై నాలుగు. ఉక్క ఎక్కువ, ఉప్పు ఎక్కువ. మే పదిహేడు. చేప తోక దగ్గర గోధుమగింజంత ఉప్పు గడ్డ. మే పది. పోయిన వారం కన్నా తగ్గింది." ఆగాడు. "ఇది బద్ధకం కాదు. బద్ధకస్తుడికి గోధుమగింజ తట్టదు."

"అర్బాబ్..."

"ఎనిమిది వారాలు భూతద్దం పెట్టి చూశావు. ముప్పయ్యేళ్ల అనుభవమని నా దగ్గర చేరావు. సుద్దముక్క లాంటి నకలు నీ చేతిలో ఉంటే నీకు తెలియలేదా?"

ఖమరుద్దీన్ తలుపు వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. కానీ తలుపు అవతల మెట్లు, మెట్ల కింద వాగు. ఆ చూపు ఎంతదూరం పోయి ఎక్కడ ఆగిందో తిరుపతమ్మకు అర్థమైంది. అరగంట కింద తన చూపు ఆగింది కూడా అక్కడే.

ఫయాజ్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "నేను గూడా ఒకటి జెప్పాల అర్బాబ్. బొమ్మలు తీసేకాడికి మేం పోనేలేదు. రుసైల్ పోయినాం, గోదాముల కాడికి. సాబ్ నన్ను కార్లోనే ఉండమన్నాడు. రెండు గంటలు ఎండలో ఉన్న్యా. ఈ మాట బయటికొస్తే నా వీసా రెన్యూవల్ కాదన్నాడు. అందుకే నోరు మూసుకున్న్యా." తిరుపతమ్మ వైపు తిరిగాడు. "నిన్ను ఒప్పుకోమన్న్యా. సెప్పుదీసి కొట్టక్కా నన్ను."

ఆమె వినడం లేదు. ఇంకేదో పేరుస్తోంది మనసులో. వచ్చే నెల ఈ సామానుతో ప్రదర్శన ఉంది. చైనా నుంచి పెద్ద పండితుడొకాయన ఈ నెల ఇరవయ్యో తారీకున వస్తున్నాడు, సామాను చూడటానికి. ఆయన చేతికి గిన్నె వెళితే నకలని అక్కడే తేలిపోయేది. పద్నాలుగుకు ఈమె విమానం ఎక్కేసి ఉంటుంది. తాళంచెవి చివరగా ఎవరి దగ్గరుంది? వెళ్లిపోయిన పనిమనిషి దగ్గర. ఆమె సెలవు గురించి అర్బాబ్‌తో అంతగా మాట్లాడి, టికెట్టు పద్నాలుగుకే ఖాయం చేయించింది ఎవరు?

"పాపం నాలుగేళ్లయింది, పిల్లను చూసుకోనివ్వండి," అని అన్నది ఎవరు?

తుఫాను రాకపోతే, కాకినాడలో కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉండగా ఇక్కడ తన పేరు దొంగల జాబితాలో ఎక్కేది.

"మునిగినా బతకొచ్చన్నారు కదండీ సాబ్," అంది. "నన్ను ముంచి మీరు బతుకుదామనా?"

ఖమరుద్దీన్ అర్బాబ్ వైపు తిరిగాడు. "నా మాట ఎవరు నమ్మాలో అర్బాబే తేల్చాలి. పనిమనిషి, డ్రైవరు కలిసి అల్లిన కథ ఇది. ఒక్కరైనా నా పేరు పెట్టి నేను దొంగనని అన్నారా? ఆమెను అనమనండి!"

అది బెదిరింపో, పందెమో. ఎందుకంటే ఆయనకు తెలుసు. నాలుగేళ్లలో ఆమె ఆయనను పేరుతో పిలిచింది లేదు. "సాబ్" అనడం తప్ప, ఎదురుచెప్పడం కూడా ఎరగదు.

అర్బాబ్ రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. హిందీ వదిలేసి, వంటింట్లో ఆమెకు అర్థమయ్యే అరబ్బీలో, పసిపిల్లను అడిగినంత నిదానంగా అడిగాడు.

"మీన్?"

ఎవరు?

ఫయాజ్ తెలుగు చేయబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఈ మాటకు మధ్యలో మనిషి అక్కర్లేదు. మూటల మధ్యనుంచి నడిచి వచ్చి సాబ్‌కు ఎదురుగా, చేతికందేంత దూరంలో నిలబడింది. కళ్లు దించలేదు.

"ఖమరుద్దీన్," అంది తిరుపతమ్మ.